మా మేస్త్రి పారిపోలేదు

మా మేస్త్రి పని సగంలో వదిలేసి పారిపోయాడని కాలనీ వాట్సాప్ గ్రూపులో రాశారు. ఫొటో పెట్టి మరీ రాశారు. ఆయన పారిపోలేదు. అప్పటికి ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పోయిన నెల అక్కడే చనిపోయాడు.

ఆ కబురు వచ్చినప్పుడు నేను పరంజా మీద ఉన్నాను. పటమటలో ఒక ఇంటికి బయటి ప్లాస్టింగ్, వేరే కాంట్రాక్టరు కింద రోజు కూలికి. మేస్త్రి కొడుకు ఫోన్ చేసి నాన్న పోయారక్కా అన్నాడు. సరే అన్నాను. తట్టలో కలిపిన సిమెంటు మాలు ఉంది. వదిలేస్తే గట్టిపడిపోతుంది. ఆ ఉన్నదంతా గోడకి కొట్టి, బద్దతో లాగి, నున్నగా రుద్ది, అప్పుడు కిందికి దిగాను. దిగాక కూడా ఏడుపు రాలేదు. ఇంకా రాలేదు. కోపం ఉందని తెలుసు గానీ అది కూడా పక్కింట్లో ఎవరో అరుస్తున్నట్టు వినపడుతోంది.

ఆయన తాపీ మేస్త్రి. సింగ్ నగర్‌లో మా వెనక వీధి. నేను ఆయన దగ్గర మాలు తట్టలు మోసే కూలీగా చేరాను. మధ్యాహ్నం అన్నాలు తిని మగవాళ్ళు నడుం వాల్చినప్పుడు, ఎవరిదో తాపీ తీసుకుని ఇంటి వెనక గోడకి మాలు కొట్టి చూసుకునేదాన్ని. ఫోనులో వీడియోలు చూసి చెయ్యి ఎలా తిప్పాలో పట్టుకున్నాను. మేస్త్రి చూశాడు. నేర్పలేదు, అడ్డూ చెప్పలేదు. ఒకరోజు మాత్రం నేను చేసిన గోడంతా గీకించి పారేయించాడు. గోడ బాగానే ఉందమ్మాయ్, మూల బాగాలేదు, మూల పాడైతే గోడంతా నీ ఖాతాలోనే అన్నాడు. ఆ రోజు ఆయన్ని మనసులో చాలా తిట్టుకున్నాను. ఆ తర్వాత నన్ను కూలీ లెక్కలోంచి తీసి పనివాళ్ళలో కలిపాడు.

ఇది చదివేవాళ్ళలో ఇల్లు కట్టించేవాళ్ళు ఉంటారు. ఆయన కొటేషన్ ఎలా ఇచ్చేవాడో మీరు తెలుసుకోవాలి.

కొటేషన్‌కి వెళ్ళే రోజు ఇస్త్రీ చొక్కా వేసేవాడు. అత్తరు రాసేవాడు. వెళ్ళిన రోజు రేటు చెప్పేవాడు కాదు. ఇంటాయన అడుగుకి ఎంత అనడిగితే, ఇక్కడ రోజూ ఎవరుంటారండీ అని తిరిగి అడిగేవాడు. మావగారు చూసుకుంటారంటే మా మేస్త్రి రేటు పెంచేవాడు. బయటికొచ్చాక, మావగారు రోజుకో గోడ పీకిస్తాడమ్మాయ్, ఆ పీకుడు ఎవరి మీద వేసుకోను అనేవాడు. టీ ఇస్తే తాగేవాడు, చక్కెర ఎక్కువైందని వాళ్ళ ముందే అనేవాడు. అందుకు కూడా కొన్ని పనులు పోయాయి.

రాజధాని పనులు మళ్ళీ ఊపందుకున్నాక మాకు మనుషులు దొరకడం కష్టమైంది. తెల్లారేసరికి వ్యానులు కూలీల అడ్డా మీదికొచ్చి మంగళగిరి వైపు జనాన్ని ఎక్కించుకుపోతాయి. ఊళ్ళో కాంట్రాక్టర్లు ఉన్న పదిమందినే అయిదిళ్ళకి తిప్పుతారు. మొదటి వారం మీ ఇంటి ముందు జనం కళకళలాడతారు. రెండో వారం ఇసక గుట్ట మీద కుక్క పడుకుంటుంది. మీరు ఫోన్ చేస్తే కాంట్రాక్టరు, వస్తున్నారండీ, దారిలో ఉన్నారండీ అంటాడు.

మా మేస్త్రి ఇంటివాళ్ళకి ఒక మాట చెప్పేవాడు. "రేటు తర్వాత అడగండి. వాళ్ళ కూలీలు రాత్రి ఎక్కడ పడుకుంటున్నారో అడగండి. కూలోళ్ళు ఎక్కడ పడుకుంటే పని అక్కడే అవుద్ది." నవ్వేవాళ్ళు. పని సగంలో ఆగిపోయాక కొందరు మళ్ళీ ఫోన్ చేసేవాళ్ళు.

ఆయన తేదీ రాసేవాడు కాదు. కొటేషన్ అడుగున "మనుషులు దొరికితే" అని రాసేవాడు. ఇదేం కొటేషనయ్యా అనేవాళ్ళు. ఎప్పటికి పూర్తవుతుందో గట్టిగా చెప్పినవాడికి పని ఇచ్చేవాళ్ళు. గట్టిగా చెప్పేవాడు అబద్ధమైనా చెప్తున్నాడు, లేకపోతే కొత్తవాడైనా అయ్యుంటాడు అనేవాడు మేస్త్రి. ప్రతిసారీ ఆయన మాటే నెగ్గిందని కాదు. గన్నవరంలో ఒకాయనకి, ఆ కాంట్రాక్టరుని పెట్టుకుంటే మీ ఇల్లు పునాదుల్లోనే ముసలైపోద్ది అని చెప్పొచ్చాడు. ఆ ఇల్లు చెప్పిన రోజుకి పూర్తయింది. గృహప్రవేశానికి మమ్మల్ని పిలిచారు కూడా. మేస్త్రి వెళ్ళి, భోజనం చేసి, గోడలన్నీ చేత్తో తడిమి చూసి, ఒక్క వంకా దొరక్క, బండెక్కి ఇంటికొచ్చేశాడు.

ఇక గుణదల ఇల్లు.

ఆ ఇంటి సారు ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాడు. మాది ఎక్కువైందన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఆడమనిషి చేత ప్లాస్టింగ్ చేయిస్తున్నప్పుడు రేటు తగ్గాలి కదా అని. నేను అక్కడే ఉన్నాను. మేస్త్రి లేచి చెప్పులు వేసుకున్నాడు. ఆ అమ్మాయి వద్దంటే నేను కూడా రానండి, తగ్గించడం మాత్రం ఉండదు అని వచ్చేశాడు. సారు అందరికంటే తక్కువ చెప్పినాయనకి పని ఇచ్చాడు. ఆయన స్లాబు దాకా లాగి, మనుషుల్ని ఇంకో పెద్ద పని మీదికి తోలుకుపోయాడు. ఫోనెత్తడం మానేశాడు. అప్పుడు సారు మా దగ్గరికొచ్చాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఒక మేస్త్రి మొదలుపెట్టి ఆపేసిన పని మీద ఇంకో మేస్త్రి ఊరికే చెయ్యి పెట్టడు. ముందు ఫోన్ చేసి అడుగుతాడు. సరే అంటేనే వెళ్తాడు. కాదంటే ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరు. కాగితం మీద లేదు, అయినా బెజవాడలో మేస్త్రులందరికీ తెలుసు. మా మేస్త్రి ఆ మొదటాయనకి ఇంకో నంబరు నుంచి ఫోన్ చేసి అడిగాడు. చేసుకోమన్నాడు. అప్పుడే మేం గుణదలలో దిగాం. ఆ మొదటాయన నిజంగా పారిపోయినవాడు. ఆయన గురించి కాలనీ గ్రూపులో ఒక్క ముక్క లేదు. ఆయనకి కారుంది.

గోడలు లేచాయి. లోపలి ప్లాస్టింగ్ మొదలైంది. అప్పుడే మేస్త్రి కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రికి పదండని నేనూ అన్నాను, వాళ్ళావిడా అంది. ఆయన ఏటి అవతల ఏదో ఊరెళ్ళి కామెర్లకి పసరు మింగొచ్చాడు. పథ్యం చేశాడు. పనికొచ్చాడు. ఆ విషయంలో ఆయన మీద నాకు ఇంకా కోపమే. మా ఒరిస్సా కుర్రాళ్ళు చెల్లెలి పెళ్ళని ఊరెళ్ళి, తిరిగొచ్చి రాజధాని పనిలో చేరిపోయారు. ఉన్న నలుగురం గోడ గోడగా లాక్కొస్తున్నాం. ఒక మధ్యాహ్నం ఆయన తాపీ పట్టుకోలేక కూలబడ్డాడు.

ఆసుపత్రిలో చేరిన మర్నాడు నన్ను పిలిచాడు. "సారుకి చెప్పిరా. ఫోనులో చెప్పకు. మొహం చూసి చెప్పు." వెళ్ళాను. సారు వరండాలో పేపరు చదువుతున్నాడు. మేస్త్రికి బాగాలేదని, ఏ ఆసుపత్రిలో ఉన్నాడో కూడా చెప్పాను. సరే, తగ్గాక రమ్మను అన్నాడు. అవి సారు నోటితో అన్న మాటలే. ఆ ఆదివారమే గ్రూపులో పెట్టాడు. పని సగంలో వదిలి పారిపోయాడు, ఇతనికీ ఇతని బ్యాచ్‌కీ ఎవరూ పని ఇవ్వకండి అని.

మేస్త్రి కంట పడకుండా కొడుకు ఫోను దాచాడు. చూడటానికొచ్చిన వాళ్ళెవరో చూపించేశారు. మేస్త్రి రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. ఇదెప్పుడు తీశాడు, చొక్కా మాసి ఉంది అన్నాడు. అంతే. అన్నం తినలేదు గానీ, అప్పటికే తినడం తగ్గిపోయింది కాబట్టి ఎందుకు తినలేదో చెప్పలేను.

తర్వాత నున్న నుంచి ఒక మేస్త్రి ఫోన్ చేశాడు. నేను మంచం పక్కనే ఉన్నాను. ఫోను స్పీకర్లో పెట్టి పట్టుకున్నాను.

"అన్నా, గుణదల సారు నన్ను రమ్మంటున్నాడు. నీ పని. లోపల పూత పూర్తి చెయ్యాలంట. వెళ్ళనా?"

వద్దని చెప్పండి అన్నాను నేను. అవతలికి వినపడేలాగే అన్నాను. ఆయన వద్దంటే చాలు. ఈ మనుషుల కరువులో ఆ ఇల్లు అలాగే నిలబడిపోయేది. సారు ఆసుపత్రి మెట్లెక్కి రావాల్సి వచ్చేది. ఆయన చేతిలో మిగిలింది ఆ ఒక్క మాటే.

మేస్త్రి నా వైపు చూశాడు. "ఇల్లేం చేసిందమ్మాయ్?" అన్నాడు. తర్వాత ఫోను వైపు తిరిగి, "వెళ్ళు తమ్ముడూ. లోపలిది చేసుకో. బాత్రూం గోడ ఇంకా తడిగా ఉంది, దాన్ని చివర్లో పట్టుకో. బయటిది మాత్రం నా బ్యాచ్ పిల్లలకి ఉంచు" అన్నాడు.

నున్న మేస్త్రి ఆ మాటలు సారుకి అలాగే చెప్పాడట. పడకమీద నుంచి మాట్లాడాడని కూడా చెప్పాడట. అయినా సారు గ్రూపులోంచి ఆ ఫొటో తీసెయ్యలేదు.

మేస్త్రి వాళ్ళు ముస్లింలు, జనాజా అంటే శవయాత్ర వెంట ఆడవాళ్ళు వెళ్ళరు. ఆయన చనిపోయిన రోజు నేను వీధి మొగలో నిలబడ్డాను. ఊళ్ళో మేస్త్రులు చాలామంది వచ్చారు, మాతో రేట్ల దగ్గర కొట్లాడినవాళ్ళు కూడా. పనుల మీద నుంచి నేరుగా వచ్చారు. జనాజా మోస్తూ భుజం మార్చుకుంటున్న చేతులకి సిమెంటు అలాగే ఉంది. కొందరి జేబుల్లో ఫోన్లు మోగుతున్నాయి. మనుషులేరీ అని ఇంటివాళ్ళు చేస్తున్నవే అయ్యుంటాయి. ఎవరూ ఎత్తలేదు. మలుపు తిరిగేదాకా చూసి ఇంటికొచ్చాను. చెయ్యి కడుక్కున్నాను. ఎంతసేపు కడిగానో తెలియదు.

ఇప్పుడు మేం నలుగురం ఎక్కడ కొటేషన్ ఇచ్చినా ఎవరో ఒకరు ఫోను తీసి చూస్తారు. ఆ పారిపోయినాయన బ్యాచేనా అంటారు. మనుషులు దొరకని ఊళ్ళో మాకు పని దొరకదు. తలా ఒకరి కింద రోజు కూలికి వెళ్తున్నాం. బ్యాచ్ నిలబడితే మేస్త్రి వాటా ఆయన ఇంటికి వెళ్ళేది. కొడుకు ఇంటర్ మానేసి తాపీ పడతానంటున్నాడు. వద్దని ఎన్నాళ్ళు ఆపగలనో తెలియదు.

మొన్న గుణదల సారు నాకు ఫోన్ చేశాడు. బయటి ప్లాస్టింగ్ మిగిలిందమ్మా, ఎవరూ దొరకడం లేదు, నువ్వు బాగా చేస్తావని విన్నాను, కొటేషన్ ఇవ్వు అన్నాడు. మేస్త్రి గురించి అడగలేదు. రాసి పంపిస్తానండీ అన్నాను.

సారూ, రాసి పంపిస్తున్నాను. ఇదే కొటేషన్. రేటు మా మేస్త్రి చెప్పిందే, పెంచలేదు, తగ్గించను. పని మొదలవ్వాలంటే ముందు మీరు చేయాల్సింది ఒకటుంది. ఏ గ్రూపులో రాశారో అదే గ్రూపులో, మీ పేరు మీద, ఆయన పారిపోలేదని రాయండి. ఆసుపత్రిలో ఉన్న సంగతి మీకు ముందే తెలుసని కూడా రాయండి. క్షమాపణలు నాకొద్దు, వాళ్ళావిడకి చెప్పుకోండి. రాయకపోతే మీ గోడ నేను ముట్టుకోను. ఇంకెవరైనా మేస్త్రి నన్ను అడిగితే నేను వద్దనే అంటాను. నేను ఆయనంత మంచిదాన్ని కాదు.

వచ్చే శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి ఆయన కొడుకు మసీదుకి వెళ్తాడు. వాళ్ళ నాన్నని ఎరిగినవాళ్ళంతా అక్కడ ఉంటారు. అతను ఇంట్లోంచి బయల్దేరే లోపు మీ జవాబు ఆ గ్రూపులో రావాలి.