ఒకే గిన్నె, రెండు సీసాలు

నందిగామ బస్టాండులో బండి మీద నల్లద్రాక్ష మగ్గిన వాసన తగిలితే చాలు, అటు చూడకుండా బస్సెక్కేస్తాను. అది సువార్తమ్మ టీచరుగారి వంటింటి వాసన. జగ్గయ్యపేటలో మా చర్చికి ప్రతి నెలా ప్రభుబల్లలో రొట్టెతో పాటు అందరికీ ఇచ్చే ద్రాక్షరసం కాచింది ఆవిడే. సండే స్కూల్లో గొంతు పెగలని నన్ను బెంచీ ఎక్కించి, "కరుణా, వెనక కూర్చున్న చెవిటి తాతక్కూడా వినపడాలి. ఊఁ, గట్టిగా!" అంటూ నాకు నోరిచ్చింది కూడా ఆవిడే.

ఆ నోటితోనే నేను మా సంఘాన్ని చీల్చాను. కమిటీలో ఆడవాళ్ళుండాలని అడిగితే, సంఘపెద్ద ఇస్సాకు బాబాయి నవ్వాడు. "టీ గ్లాసులు కడిగే కమిటీ వేద్దాంలేమ్మా, దానికి నువ్వే ప్రెసిడెంటువి."

"మీ బుర్ర కూడా ఆ గ్లాసుల్లో పడేయండి బాబాయ్, తోమి పెడతాం," అన్నాను. ఆయన తప్ప అందరూ నవ్వారు. రెండు నెలలు తిరక్కుండా సగం కుటుంబాలు నాతో వచ్చేసి, ఎదురు వీధిలో రేకుల షెడ్డు వేసుకున్నాయి.

టీచరుగారు ఎటూ చేరలేదు. అక్కడ పాటలు పాడి, ఇక్కడ ప్రసంగానికి వచ్చేవారు. ఒకే గిన్నెలో రసం కాచి, రెండు సీసాల్లో పోసి, రెండు చోట్లా ఇచ్చేవారు. రొట్టె పళ్ళెం వచ్చేసరికి మాత్రం, ఎక్కడున్నా సరే, తల వంచుకుని పక్కవాళ్ళకి అందించేసేవారు. ఒకరోజు నిలదీశాను.

"మీరు చేసిన రసం మీరే తాగరేం టీచరుగారూ?"

"మింగుడు పడట్లేదే. ఒక్క నెల నాతో పాత చర్చికి రా. ఇస్సాకు పక్కన కూర్చో. అప్పుడు తీసుకుంటా."

"అంటే తప్పు నాదా?"

"కాదు, న్యాయం నీదే. అయినా రా."

"ముందు ఆయన్ని రమ్మనండి."

ఆవిడ సీసా మూత బిగించుకున్నారు. మూడేళ్ళు అదే అడిగారు, నేనూ అదే చెప్పాను. ఆఖరికి ఆసుపత్రిలో పాస్టరుగారు రొట్టె పట్టుకుని మంచం పక్కన నిలబడితే, నా వంక ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపారు. నేను కిటికీ వైపు తిరిగాను. మర్నాడు ఆవిడ పోయారు.

సమాధిలో పిడికెడు మట్టి వేసి వస్తుంటే, ఇస్సాకు బాబాయి నా పక్కకొచ్చి నడిచాడు. గొడవయ్యాక నాతో మాట్లాడటం అదే మొదలు.

"టీచరుగారు నిన్నూ అడిగిందా, కరుణా?"

"అడిగారు."

"నన్నూ అడిగింది. ముందు ఆ పిల్లని రమ్మనండి అన్నా." కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఆ మూడేళ్ళలో మేమిద్దరం ఏకీభవించింది ఆ ఒక్కదాంట్లోనే.

రెండు చర్చిలూ ఇంకా అలాగే ఉన్నాయి. నా నోరూ అలాగే ఉంది. కానీ ఎవరితోనైనా మాటామాటా వస్తే, న్యాయం నాదే అయినా, మర్నాడు నేనే ముందు వెళ్ళి వాళ్ళ తలుపు కొడతాను. ఆ గుమ్మం దాకా వెళ్ళడానికి ఎప్పుడూ అట్టే సేపు పట్టదు. ప్రతిసారీ నన్ను ఏడిపించేది అదే.