తుపాకీ పెట్టెకి తాళంకప్పలు

మా చెల్లెలి భర్త పోర్టులో క్రేన్ నడిపేవాడు. డ్యూటీ లేని రోజు రైఫిల్ క్లబ్బుకి వెళ్ళి బోర్లా పడుకుని, దూరంగా కట్టిన అట్టముక్క మీది నల్లచుక్కని కొట్టడం అతని సరదా. సరదా అని నేనంటే ఒప్పుకునేవాడు కాదు. చాలా ఏళ్ళు ప్రయత్నించాక, ఎనభైల మొదట్లో ఒక వానాకాలం, రాష్ట్ర జట్టు ఎంపికకి హైదరాబాదు రమ్మని పిలుపు వచ్చింది. క్లబ్బు పంపేది ఒక్కణ్ణే. ఈసారి కుదరకపోతే ఇక మరొకరి వంతని అతనికి ముందే చెప్పేశారు.

రైలు టిక్కెట్టు కొనుక్కున్నాడు. ఆ వారమే వాయుగుండం వచ్చి, తుని అవతల పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. ఆ వార్త నేనే రాశాను. రాసి, ఆఫీసు నుంచి తిన్నగా మల్కాపురంలో వాళ్ళింటికి వెళ్ళాను. ఇక మిగిలింది విమానం. మా వాళ్ళలో అప్పటికి విమానం ఎక్కినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ పత్రిక పని మీద ఒక్కసారి. కనుక విమానంలో తుపాకీ ఎలా తీసుకెళ్ళాలో కూడా నాకు తెలిసే ఉంటుందని అందరూ అనుకున్నారు.

వెళ్ళి కనుక్కున్నాను. విమాన సంస్థ అధికారి మెత్తగా మాట్లాడే మనిషి. తుపాకీ ఖాళీగా, గట్టి పెట్టెలో ఉండాలి. విమానాశ్రయంలో పోలీసులు చూశాక వాళ్ళ ఎదుటే తాళంకప్ప వెయ్యాలి. దాని చెవి ప్రయాణికుడి దగ్గరే ఉండాలి.

"మధ్యలో ఒక్క కప్ప వేసి తెస్తారండీ," అన్నాడు. "మూల పట్టుకుని లాగితే మూత లేస్తుంది, చెయ్యి దూరుతుంది. అలాంటివి నేను తీసుకోను."

బావది వడ్రంగి చేసిన పొడుగాటి చెక్కపెట్టె. ముందువైపు రెండు చివర్లా రెండు గొళ్ళేలున్నాయి. అంటే రెండు కప్పలు కావాలి. ఇద్దరం పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాం. తాళంకప్ప కొనడంలో ఇంత ఆలోచన ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. పెద్ద కప్ప కొక్కెం మా గొళ్ళెంలో దూరలేదు. దూరిన చిన్నది మెలితిప్పితే విరిగేలా ఉంది. కొక్కెం పొడుగైతే మూత వదులుగా ఆడుతుంది. ఇనపవి చవకే గానీ, ఈ ఊరి ఉప్పుగాలికి త్వరగా బిగుసుకుపోతాయి. నేను ఒక్కోదాన్నీ లాగి, ఊపి, మళ్ళీ లాగి చూస్తూంటే కొట్టువాడు విసుక్కున్నాడు.

"ఏటి బాబూ, ఏటెడతారు పెట్టిలో? బంగారమా?"

తుపాకీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "హార్మోనియం," అన్నాను.

"హార్మోనీకి రెండు తాలాలా? ఎవులెత్తుకుపోతారు దాన్ని?"

"ఎత్తుకుపోతారని కాదు," అన్నాడు మా బావ నవ్వకుండా. "ఈ బావ పాడతాడు. వాయించనీకుండా తాలమేసీమని మా ఈదోల్లు సెప్పినారు."

చివరికి నొక్కితే టక్కున పడే ఇత్తడివి రెండు తీసుకున్నాం. చెవి తిప్పి వేసేవైతే, కంగారులో సగమే తిప్పి వదిలేస్తాడేమోనని నా భయం. వీటికైతే పడిన చప్పుడు వినిపిస్తుంది. కొట్టువాడు చెవులన్నీ ఒకే తీగకి గుచ్చి ఇచ్చాడు. ఇంటికెళ్ళాక రెండూ వేసి, మూలల్లో వేళ్ళు దూర్చి లాగి చూశాను. గోరు కూడా దూరలేదు. అయినా మనసు కుదుటపడలేదు. దేన్నో చూడటం మర్చిపోయానని లోపల పీకుతూనే ఉంది.

ప్రయాణం రోజు ఉదయం, వానకి దుప్పటి చుట్టిన పెట్టె ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని బావా, చెల్లీ, నేనూ ఆటోలో బయల్దేరాం. దారిపొడుగునా బావ లైసెన్సున్న జేబు తడుముకుంటూనే ఉన్నాడు. విమానాశ్రయంలో ఎస్సై ఆ లైసెన్సు చూసి, పెట్టె తెరవమన్నాడు. దుప్పటి తీసి చూస్తే, రెండు కప్పలూ వేసే ఉన్నాయి.

బావ మా చెల్లి వైపు తిరిగాడు. "ఏసీసినావేటే? సెవులేవి?"

"పెట్టెలో వేశాను కదండీ. తాళాలు పెట్టెలో పడేసి మూసెయ్యమన్నది మీరే."

"నానన్నది తాలాలు. సెవులు కాదు."

"నేను వేసిందీ తాళాలే."

మా పెద్దవాళ్ళు గోదావరి వైపు నుంచి పోర్టు పనికి వచ్చినవాళ్ళు. మా ఇంట్లో తాళం అంటే తెరిచేది, వేలాడేది కప్ప. బావ వాళ్ళది ఇక్కడే. వాళ్ళింట్లో తాళం అంటే వేలాడేది, తెరిచేది చెవి. కప్పలు పెట్టెలో పడేసుకుని వెళ్ళి, పోలీసులు చూశాక వేద్దామని అతని ఉద్దేశం. మా చెల్లి చెవుల తీగ లోపల పడేసి, మూత మూసి, రెండు కప్పలూ టక్కు టక్కున నొక్కింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట వాళ్ళకెప్పుడూ అడ్డం రాలేదు. ఇంట్లో ఏది అడిగినా వేలు పెట్టి చూపించి అడుగుతారు కదా.

ఎస్సై మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. తుపాకీ పెట్టె తెచ్చి, తెరవడానికి చెవి లేదనే మనుషులు పోలీసు కంటికి ఎలా కనిపిస్తారో నాకు తెలుసు. నేను విలేకరినని చెప్పుకున్నాను. దాంతో అనుమానం మరికాస్త పెరిగినట్టుంది.

కోద్దామంటే రంపం లేదు. ఎస్సై వంగి పెట్టెని చుట్టూ చూశాడు.

"గొళ్ళేల మరలు బయటికే ఉన్నాయి కదండీ," అన్నాడు.

ఎవరో స్క్రూడ్రైవరు తెచ్చారు. మరలు ఒక్కొక్కటే ఊడాయి. కప్పలతో సహా గొళ్ళేలు పక్కకి వచ్చేశాయి, మూత లేచింది. లోపల తుపాకీ, దాని పక్కన చెవుల తీగ. ఎస్సై నంబరు సరిచూసి సరే అన్నాడు. మా ప్రాణాలు లేచొచ్చాయి.

మెత్తగా మాట్లాడే ఆ అధికారి ఇదంతా చూస్తూ మా వెనకే నిలబడ్డాడు.

"ఏమీ అనుకోకండి," అన్నాడు. "నా కళ్ళముందే కప్పలు ముట్టుకోకుండా పెట్టె తెరిచారు. దీన్ని ఎలా ఎక్కించమంటారు?"

"మరలు మళ్ళీ బిగిస్తాం," అన్నాను.

"మీరు బిగిస్తారు. అవతల ఇంకొకడు విప్పుతాడు. లోపల నట్టు పడే బోల్టులైతే తీసుకునేవాణ్ణి."

అతనన్నదాంట్లో తప్పులేదు. ఇత్తడీ ఇనుమూ చూశాం, కొక్కెం చూశాం, చప్పుడు విన్నాం. కప్ప వేలాడే గొళ్ళెం దేన్ని పట్టుకుని ఉందో చూడలేదు.

విమానానికి పిలుస్తున్నారు. తుపాకీ నేను ఇంటికి తీసుకెళ్ళడానికి వీల్లేదు, లైసెన్సు బావ పేరున ఉంది. అతను తిరిగొచ్చేదాకా స్టేషన్లో ఉంచుతానన్నాడు ఎస్సై.

"నా తుపాకీ నేకుండా నానెల్లి ఏటి సేత్తాను బావా?"

"అక్కడ ఎవరిదైనా అడుగు."

"ఒకలది ఇంకొకల బుజానికి అతకదు. సెంప ఆనించే సోట రవ్వంత తేడా వచ్చిందంటే గురి ఎటో ఎలిపోద్ది."

"వెళ్ళండి," అంది చెల్లి. "ఇంటికెళ్ళి తాళమంటే ఏంటని మనిద్దరం కొట్టుకోవడం కంటే, అక్కడికెళ్ళి ఓడిపోవడం నయం."

అతను ఆమెని ఒకసారి చూసి, బట్టల సంచీ తీసుకుని నడిచాడు. వెనక్కి తిరిగి చూసింది మమ్మల్ని కాదు, పెట్టెని.

రెండు మూడు రోజులకి, మధ్యాహ్నం పూట ఆఫీసుకి ట్రంకాల్ వచ్చింది. వాళ్ళింట్లో ఫోను లేదు కనుక చెల్లి అప్పటికే వచ్చి నా బల్ల పక్కన కూర్చుంది. లైనంతా హోరు.

"బావా, తుపాకీ ఎలాగుంది? టేసనుకెల్లి సూసినావా? నూనిగుడ్డ సుట్టమన్నాను, సుట్టినారా?"

"చుట్టారు. ముందు నీ సంగతి చెప్పు."

"టీములో నేను బావా," అన్నాడు. లైను తెగిపోయింది.

ఫోను పెట్టేసి నవ్వుతూ చెల్లి వైపు తిరగబోయాను. సగంలో ఆగిపోయాను. ఆ మనిషి తనని తాను 'నాను' అంటాడు. 'లేదు' అనవలసిన చోట 'నేదు' అంటాడు. 'నేను' అన్నాడంటే, లేనని.

"ఏమన్నారు అన్నయ్యా?"

"తుపాకీ ఎలా ఉందని అడిగాడు," అన్నాను.

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. కొంగు సర్దుకుని లేచి, "స్టేషనుకెళ్ళి చూసొద్దాం పద," అంది.