1023కు బదులు 1023

2023 జూన్ 14, బుధవారం, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలు. ఆకాశం మబ్బు పట్టి ఉన్నది. వాన లేదు, ఉక్క ఉన్నది. అమీర్‌పేటలోని ఒక డీటీపీ దుకాణంలో సుమలతగారిని నేను మొదటిసారి చూసిన సమయమది. ఆమె మంచినీళ్ల సీసా మూతతో బల్ల అద్దంపై ఒక నీటిచుక్క వేసి, దాని మీదికి వంగి చూస్తున్నది.

“కెమిస్ట్రీ బుక్కు దిద్దింది మీరేనా సార్? అయితే జర గీ చుక్క చూడుండ్రి. పదిహేడు కనవడుతున్నయా?”

“ఏమి పదిహేడమ్మా?”

“అణువులు. మన బుక్కు లెక్కల గీ చుక్కకు పదిహేడే వస్తున్నయి. పదిహేడైతే కంటికి ఆనాలె గద!”

ఆ పుస్తకం ఇంటర్ విద్యార్థుల కోసం తయారైనది. రాసినవారు పంజాగుట్టలో శిక్షణాలయం నడిపే ఫణీంద్రగారు. టైపు చేసినది సుమలత. భాషాదోషాలు దిద్దినది నేను. నాలుగుసార్లు చదివాను. ‘మోల్’ అనే మాట చివర పొల్లు ఉండాలా, కొమ్ము ఉండాలా అని దుకాణం యజమాని ఓంప్రకాష్‌తో అరగంట వాదించాను కూడా.

సుమలత పదవ తరగతి వరకే చదివినది. అయినా మోల్ ఆమెకు కొరుకుడు పడకపోలేదు.

“మా నాయిన సిరిసిల్లల మగ్గం నేసేటోడు సార్. నూలు పొడుగు ఎన్నడు కొలవలే. తూచేటోడు, నూలు నంబరు చూసి ఎన్ని గజాలో చెప్పేటోడు. గిది సుత గంతే. డజనంటే పన్నెండు, మోలంటే గంత పెద్ద డజను. నీళ్లు పద్దెనిమిది గ్రాములైతే ఒక మోల్. బరువును పద్దెనిమిదితోని భాగిస్తే మోల్‌లు, వాటిని గా పెద్ద అంకెతోని గుణిస్తే అణువులు.”

ఆ పెద్ద అంకె 6.022 × 10²³. పది నెత్తిన చిన్నదిగా నిలవవలసిన ఇరవైమూడు, పాత ఫాంటులోకి మార్చే సాఫ్ట్‌వేరు పుణ్యమా అని కిందికి దిగి పది పక్కన కూర్చున్నది. పుస్తకమంతటా 6.022 × 1023 అని పడింది. ఆ లెక్కన లీటరు నీటిలో మూడు లక్షల నలభై రెండు వేల అణువులు మాత్రమే ఉంటాయి.

“ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?” అని అడిగాను.

“నాకు, మీకు, గీ చుక్కకు.”

అప్పటికే ఆమెవి రెండు తప్పులు దొరికి ఉన్నవి. ఒకటి, ‘ద్రవ్యం’ ఉండవలసిన చోట ‘ద్రవం’. మూడవది దొరికితే పనికి రానక్కరలేదని ఆమెకు చెప్పినట్టు ఓంప్రకాషే నాతో అన్నాడు. మధురానగర్‌లోని ఒక గది, అందులో తల్లి లచ్చవ్వ, ఆ ఉద్యోగం మీదనే ఆధారపడి ఉన్నారు. నేను ఈ విషయం జ్ఞాపకం చేశాను.

“ఎరుకే సార్. కని పిల్లలు పరీక్షల గదే రాస్తరు గద!” అని ఆమె లేచి యజమాని దగ్గరకు వెళ్లినది.

“రెండువేల కాపీలు సనత్‌నగర్ల అచ్చయి కూసున్నయ్, గిప్పుడు చెప్తవా? గా చుక్కను తుడిచేస్తే అయిపోతుండె గద!” అన్నాడు ఓంప్రకాష్.

ఫణీంద్రగారిని పిలిపించారు. “ఏంటండీ ఇది? అణువులా, మా హాస్టల్లో పిల్లలా, హాజరు వేసుకోవడానికి?” అని ఆయన కోపించారు. ప్రూఫులో ప్రతి పుట మీద ఆయన సంతకం ఉన్నది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

సవరణ చీటీ ఒకటి ప్రతి పుస్తకంలో అంటించాలని నిర్ణయమైనది. గురువారం సాయంత్రం చీటీల నమూనా వచ్చినది. అందులో, “1023 అని ఉన్నచోట 1023 అని చదువుకొనగలరు” అని స్పష్టంగా ఉన్నది. నలుగురమూ చదివాము. చీటీ కూడా ఆ సాఫ్ట్‌వేరు గుండానే వచ్చినది.

“అంకె కిందికి జారుతది సార్, మాట జారదు” అని సుమలత మళ్లీ టైపు చేసినది: “ఈ పుస్తకంలో పది పక్కన ఉన్న రెండంకెలు ఎంత చెబితే, ఒకటి పక్కన అన్ని సున్నలు పెట్టుకొనవలెను. 1023 అంటే ఇరవైమూడు సున్నలు.”

ఫణీంద్రగారు ఒకసారి చదివి, “దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ చెడగొట్టలేదులెండి” అన్నారు. ఆ చీటీలతోనే శుక్రవారం పుస్తకాలు పంచారు.

శనివారం ఓంప్రకాష్ తానన్న మాట నిలబెట్టుకున్నాడు. సుమలతను పనిలోనుంచి తీసివేశాడు. జులై 3, సోమవారం, ఫణీంద్రగారు ఆమెను పంజాగుట్ట శిక్షణాలయంలో చేర్చుకున్నారు. టైపుకు పోయే ముందు ప్రతి లెక్కనూ చేసి చూడడం ఆమె పని. నేటికీ అక్కడే ఉన్నది. విద్యార్థులు ఆమెను సున్నల మేడం అంటారు. లచ్చవ్వకు ఈ పేరు నచ్చలేదు.

దుకాణంలో సాఫ్ట్‌వేరు మార్చలేదు. భాష దిద్దే పని ఇప్పటికీ నాకే వస్తున్నది.