చీకట్లో మూడు పట్టీలు

బస్సు డిపోలో ఆవిణ్ణి అందరూ నంబర్లక్క అంటారు. పాతికేళ్ళుగా బస్సుల మీద నంబర్లు రాయడమే ఆవిడ పని. ముందు నల్లరంగు పట్టీ వేస్తుంది, అది ఆరాక దాని మీద పసుపు అంకెలు రాస్తుంది. వెంట్రుకవాసి తేడా ఉండదు. నోరు మాత్రం బ్రష్షంత మెత్తన కాదు. ఆవిడ రంగు ఆరకుండా బండి కదిలించడానికి ఎంతటి డ్రైవరైనా జంకాల్సిందే.

ఆవిడ భర్త గడియారాలు బాగుచేసేవాడు. ఆయనకి ఒక్కటే పిచ్చి. అట్టగొట్టాలతో మూరెడేసి రాకెట్లు చేసి ఇంటి వెనక మైదానంలో ఎగరేయడం. "యాభై దాటాక ఈ పిల్లాటలేమిటండీ?" అని ఆవిడ విసుక్కునేది. విసుక్కుంటూనే తుప్పల్లో పడ్డదాన్ని వెతికి తెచ్చేది.

అలాంటి మనిషిని షుగరు మంచాన పడేసింది. మొదట కుడికాలు తీసేశారు. తర్వాత జబ్బు కళ్ళ మీద పడింది. పగలంతా మసకే, చీకట్లో వెలిగే వస్తువైతే పోల్చుకోగలడు. అదీ ఎన్నాళ్ళో చెప్పలేనన్నాడు డాక్టరు. బీరువా మీద, రంగు వేయని ఆఖరి రాకెట్టు మిగిలిపోయింది.

"ఏమే, గడియారం ముళ్ళకి పూసే పొడి ఉంది కదా, చీకట్లో వెలిగేది. వార్నిష్‌లో కలిపి దానికి మూడు పట్టీలు వెయ్యి. చీకటి పడే వేళ ఎగరేస్తే ఈ కిటికీలోంచి చూస్తాను. ఇదొక్కటి చూస్తే చాలు."

"మీ కోరికలు మండా! అలాగే లెండి," అని వంటింట్లోకి పోయి ఏడ్చింది ఆవిడ.

అలవాటు మహా చెడ్డది. ఆవిడ చెయ్యి తనంతట తానే ముందు నల్లపట్టీ వేసేసింది, దాని మీద వెలిగే రంగు పూసింది. రెండు రోజులు ఆరనిచ్చి, ట్యూబులైటు కింద పావుగంట ఉంచి, బీరువాలో తల దూర్చి చూసింది. ఎక్కడా వెలుగన్నది లేదు.

"అడుగున నలుపు వేశావా? ఓసి పిచ్చిదానా! నలుపు వెలుగుని మింగేస్తుంది. అడుగున తెలుపుండాలి," అని ఆయన పకపకా నవ్వాడు. ఆవిడకి నవ్వు రాలేదు. గరుకు కాగితంతో అంతా గీకి, తెలుపు వేసి, మళ్ళీ పట్టీలు దిద్దేసరికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఈసారి మూడూ లేతాకుపచ్చగా వెలిగాయి.

"చూపించనా?"

"వద్దు. ఎగిరేటప్పుడే చూస్తాను."

ఆ సాయంత్రం మైదానంలో రాకెట్టు నిలబెట్టి, తీగలు తగిలించి, మీట నొక్కింది. అంటుకోలేదు. పక్క పట్టాల మీద గూడ్సు బండి గోలగా పోయింది. మళ్ళీ నొక్కింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ప్రాణం ఉసూరుమని, రాకెట్టుని చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చింది.

గదిలో దీపం లేదు. "ఏవండీ..." అని మొదలుపెట్టింది.

"చూశానే!" అన్నాడాయన. "గీత గీసినట్టు నిలువునా లేచింది! నీ పట్టీలు మూడూ పైదాకా కనిపించాయి. ఆ చప్పుడు విన్నావా?"

ఆయన ముఖానికి మూరెడు దూరంలో, ఆవిడ చంకలో, మూడు పట్టీలూ ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. ఆ నాలుగు రోజుల్లో ఏ రోజున పోయిందో ఆ చూపు!

"అవునండీ, నిలువునానే వెళ్ళింది. తుప్పల్లోంచి తెచ్చాను," అని ఆయన చేతుల్లో పెట్టింది.

ఆయన వేళ్ళు పట్టీలన్నీ తడిమి, అడుగుకి వెళ్ళాయి. ఎగిరొచ్చిన రాకెట్టు అడుగున వేడి ఉంటుంది, వేలికి మసి అంటుతుంది. అక్కడ చల్లగా, నున్నగా ఉంది. వేలు ఆగిపోయింది.

"ఆ నలుపు వేయకుండా ఉంటే..." అని ఆవిడ భోరుమంది.

"ఊరుకోవే," అని ఆయన ఆవిడ చెయ్యి వెతుక్కున్నాడు. "రేపు కొత్త బ్యాటరీ తెద్దువుగాని. ఈసారి నువ్వు చూసి నాకు చెప్పు."