ముందు గదికి అనుమతి

మా ఇంటి గేటుకు బోర్డు తగిలించిన పదకొండో రోజున మునిసిపాలిటీ నోటీసు వచ్చింది. నివాస ప్రాంతంలో అనుమతి లేకుండా పశువైద్యశాల నడుపుతున్నందుకు సంజాయిషీ ఇమ్మన్నారు. ఆ పదకొండు రోజుల్లో నా వైద్యశాలకు వచ్చినవి రెండు కుక్కలు, ఒక మేక. అందులో ఒక కుక్క మా ఎదురింటివాళ్ళది. దానికి జబ్బేమీ లేదు, బోర్డు చూసి మర్యాదకి తీసుకొచ్చారు.

నేను పశువుల డాక్టర్ని. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేశాను. ఎక్కువ కాలం దివిసీమలో, కొన్నాళ్ళు గుడివాడలో. బందరులో ఈ ఇల్లు మా అక్కదీ నాదీ. అక్క స్కూల్లో టీచరు. ఇద్దరమూ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి అక్క ఒక్కో ఏడాది ఒక్కో కారణం చెప్పేది. శనివారం సాయంత్రం అవనిగడ్డలో బస్సెక్కి ఇంటికొచ్చేదాన్ని, సోమవారం తెల్లవారగానే మళ్ళీ బస్సెక్కేదాన్ని. నేను రిటైరయ్యాక వారమంతా కలిసి ఉందామనుకున్నాం. ఏ రోజు ఎవరు వండాలో ముందే దెబ్బలాడుకున్నాం కూడా. నా రిటైర్మెంటుకి ఐదు నెలల ముందు అక్క పోయింది. వంతులన్నీ నాకే మిగిలాయి.

ఇల్లు మరీ పెద్దదేం కాదు, నాలుగు గదులు. అయినా నాకెక్కువే. అక్క గది తలుపు వేశాను. తర్వాత హాలు కూడా మూసేశాను. వంటింట్లో చాప వేసుకుని అక్కడే తినడం, అక్కడే పడుకోవడం. పొద్దుట పాలవాడు వచ్చిపోతే మర్నాడు పొద్దున్న దాకా నా గొంతు నాకే వినపడేది కాదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు నోటికి విశ్రాంతి ఉండేది కాదు, రైతుల మీద కేకలు వేసీ వేసీ. ఇప్పుడు కేకలేయడానికి మనిషి కావాలని దిగులుగా ఉండేది.

అలాంటి రోజుల్లో మంగినపూడి నుంచి చేపలు తెచ్చే ఆవిడ మా గేటు దగ్గర ఆగింది. మేం చేపలు తినం కనక ఆవిడ అంతకు ముందెప్పుడూ మా ఇంటి ముందు ఆగలేదు. ఆ రోజు ఆటోలో గంపతో పాటు ఒక కుక్కని కూడా తెచ్చింది. దాని పెదవికి గాలం గుచ్చుకుని ఉంది.

"డాక్టరమ్మగారంటే మీరేనంటగా! దీని మూతి చూడండమ్మా. ఒడ్డున పడేసిన చేపని నోట పెట్టుకుంది. రెండ్రోజులై కూడు తిన్లేదు."

గాలాన్ని వెనక్కి లాగకూడదు. ముందుకు తోసి, ముల్లు బయటికి వచ్చాక తుంచాలి. అరుగు మీదే కూర్చుని తీశాను. ఆవిడ కుక్కని ఒళ్ళో అదిమి పట్టుకుని, నన్నూ దాన్నీ కలిపి తిడుతూనే ఉంది. నేను ఎదురు తిట్టాను. వాళ్ళు వెళ్ళిపోయాక అరుగు కడుగుతుంటే ఎన్నాళ్ళకో ఆకలేసింది. ఆ వారంలోనే ముందు గది ఖాళీ చేసి బోర్డు రాయించాను.

కాబట్టి నోటీసు చూసి నేను భయపడింది జరిమానాకి కాదు. బోర్డు తీసేస్తే గేటు చప్పుడు మళ్ళీ ఆగిపోతుంది. అంతే నా భయం.

మునిసిపల్ ఆఫీసులో గుమస్తా నెమ్మదైన మనిషి. "కంగారు పడకండి మేడమ్ గారూ. సొంతింట్లో ఉండే డాక్టర్లు ఒక గదిలో ప్రాక్టీసు పెట్టుకోవచ్చండీ. మిగతా ఇల్లు మాత్రం కాపురానికే ఉండాలి. ప్లాను, రేషన్ కార్డు నకలు జతచేసి దరఖాస్తు పెట్టండి. ఇంట్లో కుటుంబం ఉంటున్నట్టు తెలియాలి కదండీ" అన్నాడు.

కుటుంబం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నాలుగు గదుల ఇంట్లో వంటగదిలో చాప మీద ఉండే ఒక్క మనిషిని కుటుంబం అని ఎవరొప్పుకుంటారు? ఆ సంగతి అతన్నే అడిగి ఉండాల్సింది. ముప్పై ఏళ్ళు ఆఫీసు కాగితాలతో బతికిన నాకు తెలియదా! కానీ అడిగితే కాదంటాడేమోనని నోరు మూసుకుని వచ్చేశాను.

మా గులాబీ రేషన్ కార్డులో రెండు పేర్లున్నాయి. కుటుంబ యజమాని స్థానంలో అక్క, సభ్యురాలి స్థానంలో నేను. ఇన్సూరెన్సు ఉన్న గేదె చచ్చిపోతే సాయంత్రానికల్లా మరణ ధ్రువీకరణ రాసిచ్చిన దాన్ని నేను. ఒక్కరోజు ఆలస్యం చేసినా కింది వాళ్ళ దుమ్ము దులిపేదాన్ని. అలాంటిది పద్నాలుగు నెలలైనా అక్క పేరు తీయించలేదు. వెళ్దామనుకున్న రోజున ఎండగానో వానగానో ఉండేది.

ఆ కార్డే జిరాక్సు తీయించాను. దాని మీద గెజిటెడ్ అధికారి సంతకం కావాలి. నా సర్వీసులో ఎంతమంది పిల్లల మార్కుల జాబితాల మీద ఆకుపచ్చ సిరాతో సంతకాలు పెట్టానో లెక్కలేదు. అసలు కాగితం పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూసేదాన్ని. రిటైరయ్యాక ఆ సంతకానికి విలువ లేదు. పశువుల ఆసుపత్రిలో ఇప్పుడున్న డాక్టరు, "మీ కాగితం నేను చూసేదేముంది మేడమ్" అని చదవకుండానే సంతకం పెట్టేశాడు. నకలు నిజమే. అసలుదే అబద్ధం. దరఖాస్తులో నివాసం ఉండేవారు ఇద్దరు అని నా చేత్తోనే రాశాను.

తనిఖీకి బుధవారం వస్తామని కబురొచ్చింది. నాకు రెండు రోజుల టైముంది. హాలు తెరిచాను. అక్క గది తెరిచి బూజు దులిపాను, మంచం మీద ఉతికిన దుప్పటి పరిచాను. ఒక్క దుప్పటి చాలదనిపించింది. దండెం మీద అక్క నేతచీర ఆరేశాను. తలగడ పక్కన కళ్ళజోడు పెట్టాను. బాత్రూములో రెండు తువ్వాళ్ళు, గట్టు మీద రెండు కంచాలు, రెండు గ్లాసులు. గుమ్మం దగ్గర అక్క చెప్పులు పెడుతూ, ఎడమది అరిగిపోయింది, కొత్తవి కొనుక్కోమంటే వినవు కదా అని పైకే అన్నాను.

ఆ రెండు రోజులూ నేను సంతోషంగా ఉన్నాను. దాచడమెందుకు, హాయిగా ఉంది. మంగళవారం సాయంత్రం రెండు గ్లాసుల్లో కాఫీ పోశాను. ఎవరి కోసం పోశానో అప్పుడు ఆలోచించలేదు. రెండూ నేనే తాగాను.

బుధవారం పన్నెండింటికి ఇన్‌స్పెక్టరు టేపు పట్టుకుని వచ్చాడు. మే నెల, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. ముందు గది కొలిచాడు, హాలు కొలిచాడు. అక్క గది గుమ్మంలో నిలబడి చీర వైపూ కళ్ళజోడు వైపూ చూశాడు.

"ఇది మీ అక్కగారి గదా అండీ? ఆవిడెక్కడున్నారు?"

"స్కూలుకెళ్ళింది" అన్నాను.

అబద్ధమాడదామని అన్నది కాదు. ముప్పై ఏళ్ళుగా అక్కేదని ఎక్కడ ఎవరడిగినా అదే జవాబు. ఇంటి గోడలకి కూడా నోటికొచ్చు.

ఆయన కాగితంలోంచి తలెత్తాడు. "ఎండాకాలం సెలవులు కదండీ" అన్నాడు. మళ్ళీ కార్డు నకలు చూసుకుని, "ఈ వయసుకి రిటైరై కూడా ఉంటారు కదా" అని నెమ్మదిగా అన్నాడు.

ఇక దాచడానికేమీ లేదు. "చనిపోయింది. కిందటేడు మార్చిలో" అన్నాను. పోయిన నాడు ఆసుపత్రి వాళ్ళే చెప్పారు, చుట్టాలకి పక్కింటివాళ్ళు ఫోన్లు చేశారు. ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. అన్నాక అక్క మంచం మీదే కూర్చున్నాను. "ఒక్కదాన్నే ఉంటే ఇల్లు కింద ఒప్పుకోరేమోనని రాశాను. తప్పే. బోర్డు తీసేస్తాను" అన్నాను.

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇంతమంది ఉండాలని రూల్లో ఎక్కడా లేదండీ. ఒక్కరున్నా చాలు. ఎవరు చెప్పారు మీకు?"

ఎవరూ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను.

"పేరు కొట్టేసి పక్కన సంతకం పెట్టండి, సరిపోతుంది" అని దరఖాస్తూ, కార్డు నకలూ నా ముందు పెట్టాడు. ఇద్దరు అన్నది కొట్టేసి ఒకరు అని రాశాను. తర్వాత యజమాని పేరు మీద అడ్డంగా గీత గీసి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టాను. గీత తిన్నగా రాలేదు. ఆయన మంచినీళ్ళడిగాడు. గట్టు మీదున్న రెండు గ్లాసుల్లో ఒకదానితో ఇచ్చాను.

మూడు వారాలకి అనుమతి పత్రం వచ్చింది. షరతులు మూడు. గేటు ముందు పశువుల్ని కట్టకూడదు. చెత్త వీధిలో పారెయ్యకూడదు. ముందు గది తప్ప మిగతా గదులన్నీ నివాసానికే వాడాలి.

మొదటి రెండూ నాకో లెక్క కాదు. మూడోదాన్ని మాత్రం అరుగు మీద కూర్చుని మళ్ళీ మళ్ళీ చదివాను. చీర మడతపెట్టి బీరువాలో పెట్టాను. చెప్పులు తీయలేకపోయాను, అవి అక్కడే ఉన్నాయి. ఆ మర్నాడు చేపల ఆవిడ కుక్కని తెచ్చి చూపించింది. పెదవి మానింది, కానీ నన్ను చూసి మొరిగింది. ఇద్దరం దాన్ని తిట్టాం. వాళ్ళు వెళ్ళాక ఒంటిగంటకి ముందు గది తలుపేసి, వంటింట్లో చాప చుట్టేశాను. కంచం హాల్లోకి తెచ్చుకుని, బల్ల దగ్గర ఎప్పుడూ కూర్చునే వైపే కూర్చున్నాను. ఎదుటి కుర్చీ కాస్త బల్ల కిందికి తోసి, అన్నం కలుపుకున్నాను.