కుంటని గొర్రె కాలు

నా చిన్నప్పుడు పొద్దు దిగేలోపే మా ఇంట్లో కాళ్లు చూడడం అయిపోవాలి. మనుషుల కాళ్లు కాదు, గొర్రెల కాళ్లు. ముదిగుబ్బ దగ్గరి గుట్టల్లో మేసి మంద ఇల్లు చేరగానే మా తాత దొడ్డి వాకిట్లో గొంతుక్కూర్చుని, ఒక్కో గొర్రె కాలూ ఎత్తి గిట్టల సందు చూసేవాడు. దీపం వెలిగిస్తే కిరసనాయిలు ఖర్చు. అందుకని వెలుతురుండగానే పని ముగించేవాడు. నన్ను రెండో తరగతితో బడి మాన్పించి మంద వెంట పంపారు కాబట్టి, నేను నేర్చుకున్నదంతా ఆ దొడ్డి దగ్గరే.

మందలో ఒక నల్లమూతి గొర్రె ఉండేది. అంతకుముందు ఏడాది దాని తొడను కుక్క కరిచింది. గాయం మానింది గానీ ఆ కాలి గిట్టలో స్పర్శ పోయింది. తాత రోజూ అన్నిటికంటే ముందు దాని కాలే పట్టుకునేవాడు. ముల్లు దిగి కుంటుతున్నవి పక్కన అరుస్తూ నిలబడేవి. నాకది అన్యాయంగా తోచింది.

“కుంటేవాటిని ఇడిసిపెట్టి కుంటని దాన్ని చూస్తాండావేంది తాతా?” అని అడిగాను.

తాత నన్ను బండ మీద కాలు మడిచి, బరువంతా దాని మీదే వేసి కూర్చోమన్నాడు. కదిలితే బెల్లం ముక్క లేదన్నాడు. బెల్లం మాట వింటే నేను రాయిలా కూర్చునేదాన్ని. మందంతా చూడడం అయ్యాక వచ్చి, నన్ను కళ్లు మూసుకోమని ఆ కాలు చాపించాడు.

“ఏం పెట్టినానో చెప్పు పాపా.”

“ఏమీ పెట్టలే.”

“బాగా చూసుకోని చెప్పు.”

“ఏమీ లేదంటే! నన్ను ఆటాడిస్తాండావు.”

కళ్లు తెరిస్తే అరికాలికి పల్లేరు కాయ గుచ్చుకొని ఉంది. చిన్న నెత్తురు చుక్క కూడా ఉంది. ఏడవబోయాను గానీ, నొప్పే లేకుంటే ఏడుపెట్లా వస్తుంది? కాసేపటికి తిమ్మిరి వదిలింది. అప్పుడు ఏడ్చాను, తాత నా నోట్లో బెల్లం పెట్టేదాకా.

“నీ కాలికి ప్రాణం మళ్లొచ్చింది. దానికి రాదు” అన్నాడు నల్లమూతి దాన్ని చూపించి. “కుంటేది తన నొప్పి తానే చెప్తాది. ఇది చెప్పలేదు. దాని బదులు మనమే చూడల్ల.” నా చెయ్యి పట్టుకొని వెనక్కు తిప్పాడు. లోపల ముల్లుంటే గిట్ట వేడెక్కుతుందట. అరచెయ్యి పనికి మొద్దుబారి ఉంటుందట, వేడి తెలిసేది చేతి వెనక చర్మానికేనట. ఆ పొద్దు నల్లమూతి గొర్రె గిట్టను మొదటిసారి నేనే తాకి చూశాను.

ఆ విద్య గొర్రెలతోనే పోతుందనుకున్నాను.

మా మనవరాలు పుట్టినప్పుడు నడుము మీద పల్చటి చర్మంతో నీటిబుడగ లాంటిది ఉంది. తల్లి కడుపులోనే వెన్నెముక అక్కడ మూసుకోలేదన్నారు. పట్నం ఆసుపత్రికి ఎత్తుకుపోతే, కళ్లు సరిగ్గా తెరవని ఆ బిడ్డకు ఆపరేషన్ చేసి వీపు మూశారు. తరువాత తలలో నీరు చేరుతోందని లోపల సన్నటి గొట్టం వేశారు. ఎవరికీ తలవంచని దాన్ని, ఆ డాక్టరమ్మకు రెండు చేతులెత్తి మొక్కాను. ఆమె మాత్రం మమ్మల్ని కూర్చోబెట్టి ఏదీ దాచకుండా చెప్పింది.

“వీపు మూశాం. దెబ్బతిన్న నరాలు మాత్రం తిరిగి రావు. కడ్డీలున్న బూట్లు వేసుకుని నడుస్తుంది. మూత్రానికి రోజూ గొట్టం పెట్టుకోవాలి. పాదాలకు స్పర్శ ఉండదు, మీరే చూస్తుండాలి. చదివిస్తే బాగా చదువుకుంటుంది.”

“ఎన్నాళ్లు చూడల్ల మేడమ్?” అన్నాడు మా కొడుకు.

“పాప ఉన్నన్నాళ్లు.”

ఆపరేషన్‌తో అంతా అయిపోయిందనుకున్న మావాడు తల పట్టుకున్నాడు. నాకు మాత్రం మా దొడ్డి వాకిలి కళ్లముందు మెదిలింది.

ఊరికి వచ్చాక పక్కింటామె, “ఇట్లాంటి పిల్లను ఎట్ల సాకుతావక్కా?” అంది. “నీ ఇంటికి బువ్వకు పంపిస్తే అప్పుడడుగులే” అన్నాను.

పిల్ల నడిచింది. మూత్రం గొట్టం పని తల్లి నేర్చుకుంది, తరువాత పిల్లే నేర్చుకుంది. పాదాల పని నాది. రోజూ పొద్దు దిగేలోపు బూట్లు విప్పించి, చెయ్యి వెనక్కు తిప్పి మడమ నుంచి వేళ్ల దాకా తాకేదాన్ని.

“నేనేమన్నా గొర్రెనా అవ్వా?” అని విసుక్కునేది.

“గొర్రె నీ మాదిరి ఎదురు మాట్లాడదు. కాలు చాపు.”

హైస్కూల్లో ఉండగా ఒకరోజు నవ్వుకుంటూ, మామూలుగా నడుచుకుంటూ వచ్చింది. తాకితే మడమ కాలిపోతోంది. బూటు అడుగులోంచి తుమ్మముల్లు దూరి ఉంది. రోజంతా దాని మీదే నడిచింది పిచ్చిది. వెంటనే ఆసుపత్రికి పోయాం. చీము ఎముకకు పాకి ఉంటే పాదం దక్కేది కాదన్నారు. ఆ పుండు మానడానికి చాలాకాలం పట్టింది, బడి చాలా పోయింది. కానీ పాదం దక్కింది. అప్పటినుంచి చేతి అద్దం పట్టుకొని తన పాదాలు తానే చూసుకోవడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చొని ఊరికే చూసేదాన్ని.

ఇప్పుడు అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు తన అద్దం పక్కన పెట్టి, “నీ కాలు చాపవ్వా” అంది. నాకు షుగరు వచ్చి కొన్నేళ్లయింది.

“నా కాలికేమైంది? నొప్పి లేదు, కుంటడమూ లేదు” అన్నాను.

అనేసి, కాలు చాపాను. దొడ్డి దగ్గర తాతను నేనడిగిన మాటే అది.

పిల్ల చెయ్యి వెనక్కు తిప్పి తాకుతూ పోయి, బొటనవేలి కింద ఆగింది. “ఈడ కాలుతాండాది.” నా చెప్పుకు కొట్టించిన మేకు పైకి లేచి, లోపల పుండు చేసింది. నాకు తెలియనే లేదు. “మేకులు కొట్టించుకోని ఎన్నేండ్లు తొడుగుతావు ఈ చెప్పులు?” అని వాటిని ఎత్తి దిబ్బలో పారేసింది. పారేసిన వస్తువును నేను మళ్లీ ఏరి తెచ్చుకోనిది ఆ ఒక్కసారే.

ఇప్పుడు పొద్దు దిగేవేళకు హాస్టల్ నుంచి ఫోను వస్తుంది. “నావి చూసుకున్నా. నీవి?” అంటుంది. ఉండమని చెప్పి, వాకిట్లో వెలుతురుకు కాలు చాపుకుని, చెయ్యి వెనక్కు తిప్పి తాకుతాను. మా తాత చెయ్యి అట్లాగే తిరిగేది. “సల్లగుండాయి పాపా” అని చెప్పి, అప్పుడు లోపలికి పోయి లైటు వేస్తాను.