మోకాలి మీద రెండు చరుపులు

పద్నాలుగేళ్లు ఫుట్‌బాల్ ఆడి బతికాను. కరోనా తగ్గాక హైదరాబాద్ వదిలి, షార్జాలో ఒక కాలేజీ జట్టుకు కోచ్‌గా చేరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పిల్లలంటారు. నిజమే. కుంటుతూ ఆడేవాణ్ని చూస్తే మరీ ఒళ్లు మండిపోతుంది. ఎందుకో వాళ్లకెప్పుడూ చెప్పలేదు.

మా పాత జట్టులో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరికైనా మోకాలు వాస్తే సీనియర్ బ్యాండేజీ బిగించి కట్టి, దాని మీద రెండుసార్లు చరిచి "చల్" అనేవాడు. ఆ తర్వాత కూడా కూర్చుంటే పిరికివాడి కింద లెక్క. ఒక ఫైనల్లో మా లెఫ్ట్ వింగర్‌కు అలా కట్టింది నేనే. వాడు లేకపోతే ఓడిపోతామని భయం. ఇరవై నిమిషాలకు పడ్డాడు. మళ్లీ ఆడలేదు. ఇప్పుడు ఇక్కడే షార్జాలో, ఫ్యాక్టరీలుండే సజ్జా ఏరియాలో ఒక గోదాం గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చుంటాడు. మెట్లు ఒక్కొక్కటే దిగుతాడు. ఎప్పుడు కలిసినా "నువ్వేం చేస్తవ్ భాయ్, నా నసీబ్" అంటాడు. తిట్టినా బాగుండేది. ఆ మాట విన్న ప్రతిసారీ నా కుడి అరచెయ్యి చురుక్కుమంటుంది.

మొన్న మధ్యాహ్నం సెమీఫైనల్. సగం ఆటకు సమానంగా ఉన్నాం. మా స్ట్రైకర్, నెల్లూరు వాళ్లబ్బాయి, వాచిన మోకాలు చూపించి "గట్టిగా కట్టేయండి సార్, ఆడేస్తా" అన్నాడు. నా చేతులు వాటంతట అవే కట్టాయి. రెండుసార్లు చరిచాయి కూడా. "చల్" అన్నది నా నోరే. మోకాలి వేడి అరచేతికి తగిలింది. అదే వేడి. ఛీ, నా చెయ్యి పడిపోను! లేచి పరిగెత్తబోతున్న వాణ్ని జెర్సీ పట్టుకుని లాగి కూర్చోబెట్టాను. కట్టు విప్పేశాను.

"మీకేం సార్, మీరు ఆడేశారు కదా!" అని ఏడ్చాడు. ఒక్క గోల్‌తో ఓడిపోయాం. కాలేజీ ముదీర్, అంటే డైరెక్టర్, నాతో మాట్లాడకుండానే కారెక్కాడు. కుర్రాడు నా వైపు చూడలేదు గానీ, బస్సు దాకా తన కాళ్ల మీదే నడిచాడు.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యాక పార్కింగ్‌లో నిలబడి సజ్జాలో ఉన్న మా వింగర్‌కు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇన్నేళ్లకు.

"మంచి పని చేసినవ్ భాయ్," అన్నాడు. నసీబ్ మాట వస్తుందనుకున్నాను. రాలేదు. అటువైపు ఏదో లారీ గేటు దాటిన చప్పుడు వినిపించింది.

"ఆ దినం నాది గూడ విప్పాల్సింది గదా," అన్నాడు.